గమ్మునుండాల్సిన చోట హజరాబీ

ప్రొద్దుటూరులో ఆ వీధికి కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు తప్ప హజరాబీ గొంతు తెలియనివాళ్లు లేరు. వాళ్లకైనా రెండో పూటకల్లా తెలిసిపోతుంది. ఆ ఇంట్లో ఏం కూర వండారో, దస్తగిరి బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో అంతా వీధి చివర చిల్లరంగడి దాకా వినబడుతుంది. పోట్లాట అనుకుని విడిపించడానికి పరుగెత్తుకొచ్చిన వాళ్లకు మొగుడూ పెళ్లాలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని హాయిగా టీ తాగుతూ కనబడతారు. అది పోట్లాట కాదు, మామూలు మాట. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన మనుషులు వాళ్లు. ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆడే చోట చెవులు పోగొట్టుకుని, గొంతులు పెంచుకుని వచ్చారు. అందులో వాళ్ల తప్పేముంది చెప్పండి!

అలాంటి హజరాబీ పోయి పోయి పిట్టలు చూసేవాళ్ల గుంపులో చేరింది.

చేరడం కూడా ఏం చేరడమో. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, దసరా దాటాక ఒక ఆదివారం పొద్దున్నే కె.సి. కాలువ గట్టు మీద నడుస్తోంది. అక్కడ ఏడెనిమిది మంది ఒక తుమ్మచెట్టు కింద తలలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. హజరాబీ గబగబా వాళ్ల దగ్గరికి పోయింది.

"ఏందప్పా చూస్తాండారు? పైన ఎవురన్నా ఇరుక్కున్యారా?"

చెట్టులో ఉన్నది తుర్రుమంది. గుంపంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అందరికంటే ముందు తిరిగినామె ఎస్తర్ టీచరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో నలభై దాటిన వాళ్లలో ఆమె చేతి బెత్తం రుచి చూడనివాళ్లు తక్కువ. వానలు వెనకబట్టగానే, అక్టోబరు నుంచి ప్రతి ఆదివారం ఆరింటికి, ఒక వారం కాలువ గట్టు, ఒక వారం పెన్న ఒడ్డు, ఒక వారం మునిసిపల్ పార్కు, ఇలా ఊళ్లో కాస్త పచ్చగా మిగిలిన చోటికల్లా జనాన్ని వెంటేసుకుని తిరుగుతుంది. తొమ్మిదిన్నరకు చర్చిలో ఆరాధన. బైబిలు పెట్టుకునే సంచిలోనే బైనాక్యులరూ ఉంటుంది.

తిట్టబోయిన టీచరు హజరాబీ ముఖంలో కంగారు చూసి నవ్వేసింది.

"ఎవురూ ఇరుక్కోలేదు తల్లీ. వంగపండు పిట్ట ఉన్నింది, పసుప్పచ్చగా. నువ్వొస్తివి, అది పాయ. రా, ఇంగోదాన్ని చూద్దాం."

ఆ 'రా' అన్న మాటకే హజరాబీ పడిపోయింది. షెడ్డు మూతపడి నాలుగేళ్లయింది. యజమాని మగ్గాలన్నీ పాత ఇనుము కింద తూకానికి వేసేశాడు. అప్పటినుంచి నలుగురితో కలిసి ఒక చోటికి పోయే పని ఆమెకు లేదు. పెళ్లిళ్లకూ చావులకూ పిలుస్తారనుకోండి, అది వేరు. పొద్దున్నే లేచి, చెప్పులేసుకుని, నాకోసం అక్కడ మనుషులు చూస్తుంటారు అనుకుంటూ నడవడం వేరు. వారం తిరిగేసరికి ఆ రెండు గంటల కోసమే మిగతా ఆరు రోజులూ గడుపుతోంది.

"పిట్టల్ని కోసుకు తినేదానికైతే నేనూ వస్తా," అన్నాడు దస్తగిరి. "ఊరికే చూసేదానికి పోతారంట! ఆ టీచరమ్మకు పనిల్యా, నీకు బుద్ధిల్యా."

"నిన్ను ముప్పై ఏండ్లు ఊరికే చూల్యా? అవి నీకన్నా బాగుండాయిలే," అంది హజరాబీ. వీధంతా నవ్వింది.

చూడ్డంలో మాత్రం ఆమెకు సాటి లేదు. నాలుగు వేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును నడుస్తూ నడుస్తూనే పట్టుకున్న కళ్లు అవి. మునిసిపల్ పార్కులో వేపచెట్టు తొర్రలో గుడ్లగూబ కూర్చుంటే, ముగ్గురు బైనాక్యులర్లు పెట్టుకుని వెతుకుతున్నా దొరకనిది, ఆమె ఉత్త కంటితో చూపించింది. చూపిస్తూ "అదో! ఆడ!" అంది. అంతే, గుడ్లగూబ లోపలికి జారుకుంది.

గుంపులో నారాయణ అని ఒకతను ఉన్నాడు. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో ఉద్యోగం, నలభై ఏళ్లుంటాయి. ప్రతి ఆదివారం చీకటితోనే బైకు మీద వచ్చేవాడు. ఏ పిట్ట, ఎన్ని, ఎన్ని గంటలకు అని నోటుబుక్కులో రాసుకునే పని అతనిది. మాట్లాడితే పక్కనున్నవాడికే వినబడదు. ఒకరోజు పెన్నలో నీటి మడుగు పక్కన బూడిదరంగు కొంగ ఒకటి మెడ చాచి కదలకుండా నిలబడి ఉంటే, దాన్ని నారాయణపక్షి అంటారని టీచరు చెప్పింది. హజరాబీ కొంగనూ నారాయణనూ మార్చి మార్చి చూసి, "పేరు పెట్టినోళ్లకు నిన్ను ముందే తెలుసేమప్పా," అంది. అందరూ నవ్వారు. కొంగ ఎగిరిపోయింది. నారాయణ నోటుబుక్కులో దాన్ని కొట్టేశాడు.

ఈ నడకలకు నియమం ఒక్కటే, గమ్మునుండాల. హజరాబీ ఉండటానికి చూడకపోలేదు. కానీ ఆమె గుసగుస పెన్న అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్లకు వినబడేది. దీనికి తోడు ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆమెకు ఒక్క పిట్ట కూత కూడా వినబడదు. ఆటో శబ్దం, మసీదు మైకు, దస్తగిరి కేకలు, ఇవి తప్ప సన్నటి శబ్దం ఏదీ చెవిలోకి దూరదు. అందరూ చెవులు రిక్కిస్తే తనూ తల వంచేది. వాళ్ల ముఖాలు విప్పారితే "ఆహా, ఎంత బాగా కూస్తాండాది!" అనేది. కూత వినబడని మనిషికి ఇక్కడేం పని అంటారేమోనని ఆమె భయం.

డిసెంబరులో రెండో శనివారం జమ్మలమడుగు దాటి మైలవరం డ్యాముకు పోదామని టీచరు చెప్పింది. హిమాలయాల అవతలినుంచి బాతులు వస్తాయట, తలమీద రెండు నల్లగీతలుంటాయట. చలికాలమంతా ఇక్కడే ఉంటాయట. వాటిని లెక్కపెట్టడానికి తిరుపతినుంచి కాలేజీ లెక్చరర్లు కూడా వస్తున్నారట. అంత ఎత్తు కొండల మీదుగా ఎగిరొచ్చిన బాతు తమ జిల్లా నీళ్లలో దిగుతుందని విన్నప్పటినుంచి హజరాబీకి నిద్ర లేదు. ఆ రోజు సాయంత్రానికే వీధిలో అందరికీ మైలవరం ప్రయాణం సంగతి తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగకండి.

ప్రయాణానికి మూడు వారాల ముందు ఆదివారం అందరూ పెన్న ఒడ్డున ఉన్నారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని హజరాబీ గట్టుమీద రాయి చూసుకుని కూర్చుంది. మిగతా వాళ్లు కింద ఇసుకలోకి దిగారు. టీచరు తన బైనాక్యులరు ఆమె మెడలో వేసి పోయింది. నీళ్ల పక్కన తోకాడిస్తున్న పిట్టను కాసేపు చూసి, అది ఎగిరిపోతే, ఊరికే అలా మనుషుల మీదికి తిప్పింది. నారాయణ ముఖం ఎదురుగా దొరికింది. టీచరు వీపు ఇటువైపు ఉంది. అతని పెదాలు కదులుతున్నాయి.

షెడ్డులో మనిషి మాట చెవితో విన్నదెప్పుడు? మగ్గాల మోతలో ఎదుటివాళ్ల పెదాలు చూసి తెలుసుకోవడమే. కొత్తలో ఆరు నెలలు కష్టపడింది, తర్వాత అది ఊపిరి తీసుకున్నట్టే అయిపోయింది. నారాయణ అంటున్నది కూడా ఆమె కావాలని చదవలేదు. అది దానంతటదే వచ్చి కళ్లలో పడింది.

"టీచర్, మైలవరానికి హజరాబీ పెద్దమ్మను పిలవద్దు. మంచామెనే, కాదన్ల్యా. ఆమె నోరు తెరిస్తే డ్యామంతా ఖాళీ అయిపోతాది. బయటోళ్ల ముందర బాగుండదు."

హజరాబీ టీచరు వీపు చూసింది. టీచరు ఏదో అంటోంది. తల ఊగిందో, గాలికి కొంగు ఊగిందో తెలియలేదు. నారాయణ ముఖం మాత్రం తేలికపడింది. అదొక్కటీ స్పష్టంగా కనబడింది.

ఆమె లేచి కిందికి దిగి, టీచరు సంచిలో బైనాక్యులరు పెట్టి, "ఇంటికి పోతాండా, మాత్ర మర్చిపోయినా," అంది. పుట్టి బుద్ధెరిగాక అంత మెల్లగా మాట్లాడింది అప్పుడే. అందుకే ఎవరికీ వినబడలేదు.

తర్వాతి ఆదివారం హజరాబీ పోలేదు. ఆ పై ఆదివారమూ పోలేదు. దస్తగిరి అడిగితే మోకాళ్లంది. మాటలు తగ్గించేసింది. పప్పులో ఉప్పెక్కువైందని అతను అరిస్తే తిరిగి అరవలేదు, మారుమాట లేకుండా మజ్జిగ పోసింది. దస్తగిరికి భయమేసింది. మూడో రోజుకు చిల్లరంగడి ఆమె వచ్చి, "ఏమన్నా, వదినకు బాగల్యా? ఇంట్లోంచి చప్పుడే రాల్యా," అని అడిగింది. పోట్లాట అనుకుని రోజూ విసుక్కునే ఎదురింటివాళ్లు కూడా తొంగి చూశారు. మనిషి గొంతు లేకపోతే వీధి ఇంత వెలితిగా ఉంటుందని ఎవరనుకున్నారు!

గురువారం మధ్యాహ్నం ఎస్తర్ టీచరు వచ్చింది. ఆ వీధిలో ఇంకా ఆడుతున్న షెడ్డు ఒక్కటే, అది హజరాబీ ఇంటి పక్కనే ఉంది. ఎనిమిది మగ్గాలు. గోడ అదిరేటట్టు ఆడుతున్నాయి. టీచరు వరండాలో కుర్చీ అంచున కూర్చుని, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఒంట్లో ఎట్లుంది హజరా? ఎందుకు రాల్యా?"

"చెయ్యి తియ్యి టీచరమ్మా. అరవద్దు, గొంతు పోతాది. ఉత్తగా పెదాలు కదిలియ్యి చాలు, నాకు తెలుస్తాది."

టీచరు చేతులు దించింది. గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపింది. "ఇప్పుడు నేనేమంటాండానో చెప్పు?"

"ఇప్పుడు నేనేమంటాండానో చెప్పు అంటాండావు."

టీచరు నవ్వబోయి ఆగింది. ముఖంలో రంగు దిగిపోయింది. "ఎంత దూరంనుంచి తెలుస్తాది?"

"షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు. నీ దుర్బీను కళ్లకు పెట్టుకుంటే ఇంగా దూరం," అంది హజరాబీ.

పక్కన మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"నారాయణ అన్నది చూసినావా?"

"చూసినా."

"నేనేమన్నానో?"

"నీ వీపు కదా నా పక్కకుండేది. యాడ కనపడ్తాది!"

నేను ఒప్పుకోలేదు హజరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లు లేరు. హజరాబీ కూడా టీచరు ఆ అబద్ధమే చెప్పాలని లోపల్లోపల మొక్కుకుంటోంది. ఎస్తర్ టీచరు చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పి, ముఖం సూటిగా ఎత్తింది. పెదాలు మెల్లగా, ఒక్కో అక్షరం తెలిసేటట్టు కదిపింది.

"నేనూ సరేనన్నా."

అప్పుడు లేచింది హజరాబీ గొంతు. పద్దెనిమిది రోజుల బాకీ అంతా ఒక్కసారే తీర్చుకుంది. ఎనిమిది మగ్గాల మోత దానికిందికి పోయింది.

"ముఖాన చెప్పేదానికి నోరు రాల్యా నీకు? ఊళ్లో పిల్లకాయలందరినీ బెత్తంతో కొట్టిన మనిషివి, నాకొక మాట చెప్పల్యాకపోతివా? 'హజరా, నువ్వు అరుస్తావు, ఈసారికి రావద్దు' అనింటే నేనేమన్నా కొరికేదాన్నా?"

"రాల్యా. నోరు రాల్యా," అంది టీచరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ మాట చెప్తే నువ్వు మళ్లీ ఎప్పటికీ రావేమో అని బయమాయ."

"ఇప్పుడు రాకుండానే ఉండా గదా!"

"అందుకే వస్తిని గదా!"

ఇంత రభస విని పెరట్లోంచి దస్తగిరి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లానికి గొంతొచ్చిందన్న సంతోషంలో టీచరుకు దండం పెట్టడం కూడా మర్చిపోయి టీ పెట్టడానికి పోయాడు.

టీ వచ్చేలోగా హజరాబీ చల్లబడింది. తను దాచింది కూడా చెప్పేయాలనిపించింది. "నాకూ ఒక తప్పుండాది టీచరమ్మా. నాకు ఒక్క పిట్ట కూత ఇనపడదు. అన్నీ ఇన్నట్టు నటిస్తాన్యా."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"పోయిన నెల కొంగ నోరు మూసుకుని చేపకోసం నిలబడింటే, ఎంత బాగా పాడ్తాండాది అంటివి. కొంగ పాడేదేంది హజరా!"

హజరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల మధ్యే వంటింటి గుమ్మంలోంచి దస్తగిరి బొటనవేలు నోటి దగ్గర పెట్టి, రెండు వేళ్లు చూపించి, అరచెయ్యి బోర్లించాడు. హజరాబీ చిటికెన వేలు ఎత్తింది. అతను లోపలికి పోయాడు.

"ఏంది అది?" అంది టీచరు.

"టీ రెండా, చక్కెర వద్దా అంటాండాడు. నీకు కొంచెం ఎయ్యమన్నా. షెడ్డులో అందరం ఇట్లనే మాట్లాడ్తాం. పోగు తెగితే ఒకటి, నూలు కండె అయిపోతే ఒకటి, సేటు వస్తాంటే మీసం."

ఎస్తర్ టీచరు నుదురు కొట్టుకుంది. "ఇన్నాళ్లూ ఇది చేతిలో పెట్టుకుని, నోటితో ఎందుకు అరిస్తివే తల్లీ!"

"మగ్గం కాడి మాటలు పిట్టల కాడ ఎందుకులే అనుకుంటి," అంది హజరాబీ. నిజంగానే ఆమెకు ఆ ఆలోచన రాలేదు. చదువుకున్నవాళ్ల మధ్య చేతులు తిప్పితే నవ్వుతారనుకుంది.

రెండో శనివారం తెల్లవారాక వ్యాను కదిలింది. జమ్మలమడుగులో ఆపి బొరుగుల వగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. నారాయణ ప్లేటు పట్టుకుని దూరంగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. టీచరు అతనికి సంగతంతా చెప్పేసింది మరి. హజరాబీయే అతని దగ్గరికి పోయింది.

"నారాయణప్పా, నా గురించి చెప్పేదేమన్నా ఉంటే మంచి చోటే చూసుకున్యావులే. గోడ పక్కకు తిరిగి చెప్పు."

"తప్పయిపాయ పెద్దమ్మా," అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు మాట కాదులేప్పా, నిజమే చెప్తివి. నిజం చెప్పేటప్పుడు కొంచెం గొంతెత్తాల, అంతే."

మైలవరం గట్టు మీద గాలి చల్లగా ఉంది. తిరుపతి వాళ్లు అప్పటికే మూడుకాళ్ల స్టాండ్ల మీద టెలిస్కోపులు బిగించుకుని ఉన్నారు. నీళ్లమీద బొల్లికోళ్లు, ఒడ్డున కొంగలు ఉన్నాయి కానీ బాతు ఒక్కటి కూడా లేదు. రాత్రంతా శనగ చేలల్లో మేసి, పొద్దెక్కాక నీళ్లకు వస్తాయని నారాయణ చెప్పాడు. కూర్చున్నారు. ఎనిమిదయింది, తొమ్మిది దాటింది. హజరాబీ నోరు తెరవలేదు. కుడివైపు రెల్లులో ఏదో కదిలితే వేలితో చూపింది, ఎన్నో వేళ్లతోనే చెప్పింది. నారాయణ కూడా చేతులు తిప్పాడు. వ్యానులో అతను నేర్చుకున్నది ఒకటే గుర్తు, అదీ తప్పు. ఏ పిట్టను చూపించినా పోగు తెగిందనే అంటున్నాడు. హజరాబీ నవ్వాపుకోవడానికి చెంగు కొరుక్కుంది. గంటన్నర మాట్లాడకుండా ఉందని చెబితే దస్తగిరి ఒట్టేసినా నమ్మడు.

అప్పుడు ఆమె చెవుల్లో ఏదో మొదలైంది. షెడ్డు పోయినా ఆమె చెవుల్లో మగ్గాల హోరు ఆగలేదు, ఎప్పుడూ ఒక గుంయ్‌మనే మోత ఉంటుంది. అదే అనుకుంది. కాదు. ఇది ఆగి ఆగి వస్తోంది. మొద్దుగా, బొంగురుగా, పాత లారీ హారన్ మాదిరిగా. ఎవరో మాట్లాడుతున్నారనుకుని చుట్టూ పెదాలు చూసింది. టీచరు పెదాలు మూసి ఉన్నాయి. నారాయణవీ, తిరుపతి వాళ్లవీ మూసే ఉన్నాయి. అందరి ముఖాలూ పైకి లేచి ఉన్నాయి.

హజరాబీ తల ఎత్తింది. శనగ చేల మీదుగా రెండు వరసలు వంకర గీతల్లా వస్తున్నాయి. నెత్తిమీదికి వచ్చాయి. తెల్లటి తలలు, వాటిమీద రెండేసి నల్లగీతలు. ముక్కులు తెరుచుకుంటున్నాయి, తెరుచుకున్నప్పుడల్లా ఆ శబ్దం చెవిలో పడుతోంది. ఆమె చేతులతో చెప్పాలనుకుంది, ఆ మాటకు గుర్తు షెడ్డులో లేదు.

"టీచరమ్మా! ఇవేనా అరిసేది? ఇవేనా?"

గట్టంతా మారుమోగింది. నీళ్లమీది బొల్లికోళ్లన్నీ రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తాయి. తిరుపతివాళ్లు టెలిస్కోపులు వదిలి తిరిగి చూశారు. ఎస్తర్ టీచరు అవునవునని తల ఊపుతూ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"నాకు ఇనపడ్తాండాయి టీచరమ్మా! యా అల్లా, పిట్ట కూత ఇనపడ్తాండాది నాకు!"

అరిచాక గాని ఏం చేసిందో తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భయంభయంగా నారాయణ వైపు చూసింది. అతను నూట నలభై దాకా లెక్కపెట్టి ఉన్నాడు. లెక్క పోయింది. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకుని, ఆమె దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి తూర్పుకు చూపించాడు. ఎప్పుడూ పక్కవాడికే వినబడని మనిషి, మెడ నరాలు ఉబ్బేటట్టు అరిచాడు.

"ఇంగా వస్తాండాయి పెద్దమ్మా! ఆ పక్క! శానా వస్తాండాయి, ఇను!"

ఆ అరుపుకు ఒడ్డున మిగిలిన కొంగలు కూడా లేచిపోయాయి.